మార్చి నెల గారికి ఒక గుమస్తా విన్నపం

మహారాజశ్రీ మార్చి నెల గారి సముఖమునకు,

బెజవాడ గవర్నర్‌పేటలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పనిచేసే గుమస్తా నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. (అలా రాయడం ఆనవాయితీ. నిజం క్షేమం మీరు వెళ్లాక.)

పండగలంటే నాకు పడదనుకోకండి. నా గొడవల్లా మీరు వాటిని ఎక్కించుకునే తీరు గురించే. ఆఖరి బస్సు కండక్టరులా ‘ఇంకొంచెం జరగండి, ఇంకొంచెం జరగండి’ అంటూనే ఉంటారు. 2025 మార్చి 14 గుర్తుందా? ఆ శుక్రవారం హోలీ. అదే రోజు ‘పై’ దినోత్సవం, అంటే వృత్తం చుట్టుకొలత వ్యాసానికి ఎన్ని రెట్లో చెప్పే 3.14 గారి పండగ. ప్రపంచ నిద్రా దినోత్సవం కూడా అదే రోజు. పగలూ రాత్రీ సమానమయ్యే రోజుకు ముందొచ్చే శుక్రవారం అది జరుపుకుంటారట. ఆ మర్నాడు 15, ఆదాయపన్ను ముందుగానే విడతలుగా కట్టే అడ్వాన్స్ ట్యాక్స్ ఆఖరి వాయిదా. అంటే పొద్దున్న రంగులు చల్లుకుని, మధ్యాహ్నం వృత్తాల గురించి ఆలోచించి, రాత్రి హాయిగా నిద్రపోవాలి. నేను చలానాలు కట్టాను.

మా చిన్నప్పుడు హోలీ అంటే వన్‌టౌన్‌లో మార్వాడీ వ్యాపారుల పండగ. మనకు కాముని పున్నమి అని పంచాంగంలో ఒక మాట ఉండేది, అంతే. ఇప్పుడు ప్రతి అపార్ట్‌మెంట్ సెల్లార్లోనూ డీజే. సరే, పిల్లలు సరదా పడుతున్నారు, నాకేం. ‘పై’ సంగతే నాకు మింగుడుపడదు. 1988లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లొరేటోరియం అనే సైన్సు మ్యూజియంలో మొదలైందిది. అమెరికా వాళ్లు నెల ముందు, తేదీ తర్వాత రాస్తారు కాబట్టి వాళ్లకు 3.14 అయింది. మనం రాసేది 14-3. ఆ లెక్కన మన దగ్గర వృత్తం చుట్టుకొలత వ్యాసానికి పద్నాలుగు రెట్ల పైచిలుకు ఉండాలి. సాయంత్రం ఆరింటికి బెంజ్ సర్కిల్ దగ్గర ఇరుక్కున్న వాళ్లెవరూ ఈ లెక్క తప్పనరు.

ఇక మీ మూడో వారం. పోయినేడు ఒక రాత్రి ఇంటికి వెళ్లేసరికి మా ఆవిడ ఫోను చూస్తూ కూర్చుంది.

“ఏవండీ, రేపు పాప పిచ్చుకండీ.”

“ఎల్లుండి?”

“చెట్టు.”

“ఆ తర్వాత?”

“నీళ్లు. నీలం గౌను కావాలట.”

మార్చి 20 పిచ్చుకల దినోత్సవం, 21 అడవుల దినోత్సవం, 22 జల దినోత్సవం. ఒంటిపూట బడులు పెట్టాక కూడా బడివాళ్లకు ఇంత ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుందో. రాత్రి తొమ్మిదిన్నరకి బీసెంట్ రోడ్డులో షట్టరు సగం దించిన కొట్టులోకి వంగి దూరి, “పిచ్చుక రంగులో ఏమైనా ఉందా?” అని అడిగాను. కొట్టతను నవ్వలేదు. “బ్రౌను అయిపోయిందండీ, అందరూ పట్టుకెళ్లిపోయారు” అన్నాడు.

పిచ్చుకలకు దినోత్సవం 2010లో మొదలైంది. దానికి చాలా ముందే మా అమ్మమ్మగారి ఊళ్లో కోతలయ్యాక వసారా దూలానికి వరికంకుల కుచ్చు వేలాడదీసేవారు. గింజలన్నీ బయటికి ఉండేలా దగ్గరదగ్గరగా అల్లేవారు. పిచ్చుకలు తలకిందులుగా వేలాడుతూ తినేవి, ఊక మడతమంచం మీద రాలేది. దానికి తేదీ లేదు, డ్రెస్సు లేదు. కంకులు ఖాళీ అయ్యేదాకా అదే పిచ్చుకల పండగ.

ఇరవయ్యో తారీఖునే సంతోష దినోత్సవం కూడా. భూటాన్ ప్రతిపాదిస్తే ఐక్యరాజ్యసమితి 2012లో ఒప్పుకుంది. భూటాన్‌లో మార్చి ఎండింగ్ ఉండదనుకుంటాను. ఇరవై ఒకటిన కవితా దినోత్సవమట. ఈ ఏడు ఉగాది కవిసమ్మేళనంలో కోయిలను వాయించేసిన మూడో రోజునే కవులకు మళ్లీ ఛాన్సు ఇవ్వడం భావ్యమా?

మీ ఎనిమిదో తారీఖు గురించి ఒక్క ముక్క. 2024లో మహిళా దినోత్సవం, మహాశివరాత్రి ఒకే రోజు పడ్డాయి. పొద్దున్నుంచీ మా ఆవిడ ఫోనుకు చీరల డిస్కౌంట్లూ, ‘ఈ రోజు మీదే’ అనే శుభాకాంక్షలూ వస్తూనే ఉన్నాయి. ఆవిడ ఉపవాసం. ఉపవాసం లేని మాకు వంట.

అయితే ఇందులో తప్పంతా మీదే అననులెండి. మీ వంశం అలాంటిది. రోమన్లకు ఒకప్పుడు మీరే మొదటి నెల. ఇంగ్లండులో 1752కి ముందు కొత్త సంవత్సరం మార్చి 25న. మా చైత్రం కూడా ఎక్కువగా మీ గడపలోనే అడుగుపెడుతుంది. చలి పోయి, పంట ఇంటికొచ్చి, ఎండలింకా ముదరని రోజుల్లో కాకపోతే మనిషి ఇంకెప్పుడు పండగ చేసుకుంటాడు? ఉగాది పచ్చడిలో పడేదంతా అప్పటి సరుకే కదా: కొత్త చింతపండు, కొత్త బెల్లం, పిందె దాటిన మామిడి. వేపపువ్వు ఒక్కటే ఇప్పుడు కొనుక్కోవాల్సి వస్తోంది. ఈ ఏడు 19న పొద్దున్నే మార్కెట్ మెట్ల మీద ఒకావిడ గోనెపట్టా పరిచి గుప్పెడు రెమ్మలు ఇరవై రూపాయలంది. బేరమాడితే “చెట్టెక్కి కోసుకో నాయనా” అంది. ఇంటికి తెచ్చి అరచేతుల మధ్య నలిపితే పువ్వు చేటలో రాలింది. చేతులకు అంటిన చేదు మధ్యాహ్నం పులిహోరదాకా పోలేదు.

సాయంత్రం గుళ్లో పంచాంగ శ్రవణం. ఆదాయం 2, వ్యయం 11 అని చదివితే నా పక్కనున్నాయన బుద్ధిగా తలూపాడు. మా ఆడిటర్ గారైతే ఆ బ్యాలెన్స్ షీటు మీద సంతకం పెట్టరు. మిగతా తొమ్మిదీ ఎక్కణ్ణుంచి తెచ్చారో నోట్ రాయమంటారు.

అసలు విషయానికి వస్తాను. ఇన్ని తెచ్చి కుమ్మరించినా మీకు నిజంగా ఇష్టమైన పండగ ఒక్కటే, అది ఏడాది లెక్కలు మూసే 31న. 1867లో దొరలు మన లెక్కల సంవత్సరాన్ని వాళ్లతో సమానంగా ఏప్రిల్ 1కి మార్చారు. దొరలు వెళ్లిపోయారు, లెక్క ఉండిపోయింది. శివరాత్రి జాగారం ఇష్టమైనవాళ్లు చేస్తారు, 31 జాగారం ఎవరికీ తప్పదు. ఆస్తికుడు, నాస్తికుడు, హిందూ, ముస్లిం, క్రైస్తవుడు అని తేడా లేదు. 2025లో 30న ఉగాది, 31న రంజాన్ అయితే, ప్రభుత్వ లావాదేవీలు చూసే బ్యాంకులు ఆ 31న తెరిచే ఉంచాలంది రిజర్వు బ్యాంకు. చంద్రుణ్ణి చూసి సెలవిస్తారు, మిమ్మల్ని చూసి రద్దు చేస్తారు.

ఈ పండగకీ ప్రసాదం ఉంది. ముప్పయ్యో తారీఖున ఒక పెద్దాయన మందులషాపు కవర్నిండా బిల్లులు తెచ్చి నా టేబుల్ మీద గుమ్మరిస్తారు. ఏడాదంతా స్కూటర్ డిక్కీలో ఎండకు మాగినవి. ఒకటి తీసి వెలుగులో పెట్టి చూస్తే తెల్లకాగితం.

“ఏవండీ, దీని మీద ఏమీ లేదండీ.”

“ఉండేది బాబూ, మొన్నటిదాకా. నువ్వే ఏదో ఒకటి చూసి వేసెయ్.”

అందుకే మా ఆఫీసులో ఈ నెల్లో పగలూ రాత్రీ ఒక్కరోజు కాదు, నెలంతా సమానమే. ఉగాది సంవత్సరం, ఆర్థిక సంవత్సరం చాలవని పోయినేటి ఆదాయానికి పన్ను లెక్కగట్టే అసెస్‌మెంట్ ఇయర్ అని మూడోది కూడా మోశాం ఇన్నాళ్లు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే కొత్త ఆదాయపన్ను చట్టం దాన్ని తీసేసి ట్యాక్స్ ఇయర్ అని ఒక్కటే ఉంచింది. తీసేసిన సంగతి క్లయింట్లందరికీ విడివిడిగా చెప్పాల్సింది మేమే.

కాబట్టి తమరికి మనవి. ఈ ఏడాది అధిక జ్యేష్ఠం పడుతోంది కాబట్టి 2027లో ఉగాది ఏప్రిల్ 7కి జరిగింది. అది మీ చేతిలో లేదు. ఆ రోజుకు సెలవుచీటీ ఇప్పుడే రాసి ఆడిటర్ గారి టేబుల్ మీద పెట్టాను. దానికి అడ్డంపడేలా గడువు తేదీలేవీ పొడిగించవద్దని ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు,
ఓచర్ల గుమస్తా

తా.క. పిచ్చుక గౌను ఎవరికైనా కావాలంటే ఇస్తాం. ఒక్కసారే వేసింది.