శాండ్‌హిల్స్ ఖాళీగా లేదు, పట్టినంత మందే ఉన్నారు

నెబ్రాస్కా రాష్ట్రంలో పశువులు మేపే ఇసుకదిబ్బల ప్రాంతం శాండ్‌హిల్స్. అది జనం లేక చచ్చిపోతోందని అమెరికా పత్రికలు ఏళ్ల తరబడి శోకాలు పెడుతున్నాయి. కనెక్టికట్ రాష్ట్రం కన్నా పెద్దదైన అక్కడి చెర్రీ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) 2020 జనాభా లెక్కల ప్రకారం 5,455 మంది. ఆర్థర్ కౌంటీ అంతా కలిపి 434. చూడగానే గుండె గుభేల్‌మనే అంకెలే. కానీ ఆ నేల మోయగలిగింది అంతే.

అక్కడ గడ్డి కింద ఉన్నది ఇసుక. దాదాపు 50 వేల చదరపు కిలోమీటర్ల దిబ్బలను గడ్డి వేళ్లే కదలకుండా పట్టి ఉంచాయి. పశువులు రోజూ నీళ్లతొట్టి దగ్గరికి నడిచే దారిలో గడ్డి అరిగితే చాలు, గాలి అక్కడ గొయ్యి తవ్వడం మొదలుపెడుతుంది. అది పెరిగిపోకుండా రాంచర్లు, అంటే పెద్ద మేతభూముల్లో పశువులు పెంచేవాళ్లు, పాత టైర్లు తెచ్చి అందులో పడేస్తారు. పడిన వాన పారకుండా ఇసుకలోకి ఇంకిపోతుంది. అందుకే దిబ్బల మధ్య చెరువులు, పచ్చిక పల్లాలు. వాటికింద ఒగల్లాలా అనే పెద్ద భూగర్భ జలనిధి.

ఈ సంగతి వాషింగ్టన్‌కు 1904లో పట్టలేదు. కింకెయిడ్ చట్టం తెచ్చి ఒక్కో కుటుంబానికి 640 ఎకరాలు ఇచ్చారు, నాగళ్లు దిగాయి. కొన్నేళ్లకే చాలామంది అమ్ముకుని వెళ్లిపోయారు. పత్రికలు దీన్నే పతనం అంటాయి. నేనైతే నేల తన లెక్క తాను సరిచేసుకుందంటాను.

ఆసుపత్రి దూరం, బడికి పిల్లలు చాలరు, కుర్రాళ్లు భూమి కొనలేరు. ఈ కష్టాలు నిజమే. అయితే ఇవి తలసరి లెక్కన నిధులు పంచే పద్ధతి వల్ల ముదిరినవి. జనాన్ని తెచ్చి పోస్తే తీరేవి కావు.

మనుషులు లేరంటే అడిగేవాడు లేడనే ధీమా. కీస్టోన్ ఎక్స్‌ఎల్ చమురు పైప్‌లైన్‌ను మొదట ఈ దిబ్బల మీదుగానే గీశారు. తవ్వితే నీళ్లు తగిలే చోటది. రాంచర్లు తిరగబడ్డాకే 2012లో దారి మార్చారు.

జనం పలచగా ఉన్న నేలను ఖాళీ అనుకునే ఈ రోగం మనకూ ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం రూపొందించే అట్లాస్‌లో తుప్పల నేలలు నిరుపయోగ భూముల పద్దులో చేరతాయి. సోలార్ పార్కుకు స్థలం వెతికే అధికారి చూపు ముందు అలాంటి చోటే పడుతుంది. తరాలుగా అక్కడ గొర్రెలు మేపుతున్నవాడికి పట్టా ఉండదు, కాబట్టి పరిహారం అడిగే దారీ ఉండదు.