ప్యాసేజ్ చదవకండి, ర్యాంకు వస్తుంది

బెంగళూరు మారతహళ్లిలో, ఒక ఆంధ్రా మెస్సు పైన మొదటి అంతస్తులో, మహత్తరమైన విద్య ఒకటి బోధిస్తున్నారు. ఇంగ్లిష్ ప్యాసేజ్ చదవకుండానే దాని కింద ప్రశ్నలకు జవాబులు పెట్టే విద్య. కళ్లు మూసుకుంటే మన ఋషులకు త్రికాలాలూ కనబడేవట. ఇక్కడ అంత తపస్సు అక్కర్లేదు, రెండు వాయిదాల్లో ఫీజు కడితే చాలు.

పరీక్ష పేరు క్లాట్. జాతీయ లా యూనివర్సిటీల్లో సీటు కోసం రాసేది. 2020కి ముందు ఇందులోని ఇంగ్లిష్ భాగంలో పర్యాయపదాలూ జాతీయాలూ బట్టీ పట్టినవాడు గట్టెక్కేవాడు. లాయరు కాబోయేవాడికి చదివి అర్థం చేసుకోవడం రావాలి కదా అని పెద్దలకు తోచి, ఆ ఏడాది నుంచి పేపరంతా ప్యాసేజ్‌ల మయం చేశారు. పాపం, మంచి ఉద్దేశమే. మనవాళ్ల చేతిలో పడిన మంచి ఉద్దేశం ఎన్నాళ్లు బతుకుతుంది?

మా అన్నయ్య కూతురు కదిరి నుంచి వస్తే డెమో క్లాసుకు తీసుకెళ్లాను. సర్ మనవాడే. ప్రొజెక్టర్ మీద బెళ్లందూరు చెరువు నురగ గురించి ప్యాసేజ్ వేశారు. వేసిన వెంటనే చేత్తో అడ్డం పెట్టారు.

"చూడకండి! ముందు ప్రశ్న. తర్వాత ఆప్షన్లు. ఆల్వేస్, నెవర్, ఎట్టి పరిస్థితుల్లోనూ... ఇలాంటి బిగింపు మాటలున్న ఆప్షన్ కనబడితే కొట్టెయ్యండి. మిగిలినవాటిలో పొడుగ్గా ఉన్నది పట్టుకోండి. డౌటొస్తే ప్యాసేజ్‌లో మొదటి లైను, చివరి లైను. మధ్యలోది మనకెందుకు?"

అరవై తలలు నోట్సు రాసుకున్నాయి. మధ్యలోది మనకెందుకు అన్నది కూడా రాసుకున్నాయి.

నురగకు కారణం ఏమిటని ప్రశ్న. మొదటి లైనులో వర్షం ఉంది, ఆప్షన్ 'ఎ'లోనూ వర్షం ఉంది. క్లాసంతా ఏకకంఠంతో 'ఎ' అంది. మా పిల్ల చెయ్యెత్తింది.

"సర్, వర్షమని కొందరనుకుంటారు, అది తప్పు, చెరువులో కలిసే మురుగునీరే కారణం అని రెండో పేరాలో ఉంది."

"ఏమ్మా, పేరా చదివావా?"

ఆ గొంతులో కోపం లేదు. జేబులో సెల్‌ఫోన్‌తో పరీక్ష హాల్లో దొరికిపోయిన పిల్లను చూసినప్పటి బాధ ఉంది.

"చదివాను సర్."

"ఎంతసేపు పట్టింది?"

"మీరు ట్రిక్ చెబుతున్నంతసేపు."

కీ తీసి చూస్తే మురుగునీరే. సర్ తొణకలేదు. "ఇది ఎక్సెప్షన్. ఎక్సెప్షన్ల కోసం ప్రిన్సిపుల్ మార్చుకోం" అని తర్వాతి స్లయిడ్‌కి వెళ్లిపోయారు. వెనక బెంచీ కుర్రాడొకడు ఎక్సెప్షన్ అని రాసుకుని కింద గీత గీశాడు.

సర్‌ని నేను తప్పుపట్టను. లెక్క ఆయన పక్షానే ఉంది. మొత్తం 120 ప్రశ్నలు, 120 నిమిషాలు, అంటే ప్రశ్నకో నిమిషం. అందులో ఇంగ్లిష్ వాటా 22 నుంచి 26. ఒక్కో ప్యాసేజ్ సుమారు 450 మాటలు. పన్నెండో తరగతి పిల్లలు దాన్ని 5 నుంచి 7 నిమిషాల్లో చదవగలరని సిలబస్‌లో పరీక్ష పెట్టేవాళ్లే రాశారు. ప్యాసేజ్‌కి ఆరేసి ప్రశ్నలనుకుంటే నాలుగు ప్యాసేజ్‌లు, అయిదేసి నిమిషాలు వేసుకున్నా 20. ఇక 24 ప్రశ్నలకు మిగిలేది 4 నిమిషాలు, అంటే జవాబుకు పది సెకన్లు. ఏడేసి నిమిషాలైతే 28, ప్రశ్నల మొహం చూడకముందే వాటా అయిపోయింది. తప్పు జవాబుకు పావు మార్కు కోత అదనం. చదవడం వచ్చినవాణ్ణి ఏరడానికి పరీక్ష పెట్టి, చదివినవాడు వెనకబడేలా గడియారం పెట్టారు. దేశంలోని న్యాయవిద్యా దిగ్గజాలందరూ కలిసి చేసిన పని ఇది. ఒక్కరికీ గుణకారం తట్టలేదు! సిల్క్ బోర్డ్ దగ్గర సిగ్నల్లో చిక్కుకున్నప్పుడైనా ఎవరో ఒకరు వేళ్ల మీద లెక్కేసుకుని ఉండాల్సింది, కావలసినంత టైముంటుంది అక్కడ.

నాకు నవ్వు ఆగిపోయేది ఎక్కడంటే, ఈ అరవై మందిలో కొందరు నిజంగానే లాయర్లవుతారు. ముళబాగిలు నుంచో కదిరి నుంచో ఒక ముసలాయన వస్తాడు. వేలిముద్ర వేసిన కాగితం, పొలం తనఖాది, సంచిలోంచి తీసి బల్ల మీద పెడతాడు. ఆయనకు చదువు రాదు. చదువుకున్నవాడు చదివి చెబుతాడనే బస్సెక్కి వచ్చాడు. మన ర్యాంకరు మొదటి లైను చూస్తాడు, చివరి లైను చూస్తాడు, "ఏం ఫరవాలేదు పెద్దాయనా" అంటాడు. పొలం పోయే షరతు ఎప్పుడూ మధ్యలోనే ఉంటుంది. మధ్యలోది మనకెందుకు అని నేర్పింది ఎవరు? డబ్బు కట్టి నేర్పించింది ఎవరు? మనమే కదా! చదివే పిల్ల ఒక్కతి దొరికితే దొంగను చూసినట్టు చూశామే, సిగ్గులేదూ మనకి?

డెమో అయ్యాక కౌంటర్లో అడ్మిషన్ ఫారం ఇచ్చారు. వెనకవైపు సన్నటి అక్షరాల్లో షరతులు.

"అవి చదవక్కర్లేదు సార్, అందరికీ ఒకటే. ఇక్కడ సంతకం పెట్టండి" అంది కౌంటర్లో అమ్మాయి.

మా పిల్ల అప్పటికే మధ్యలోకి వెళ్లిపోయింది.

"బాబాయ్, కట్టిన ఫీజు ఎట్టి పరిస్థితుల్లోనూ వాపసు ఇవ్వరట. బిగింపు మాట ఉంది కదా, కొట్టేస్తున్నాను" అని పెన్ను తీసింది.

కౌంటర్లో అమ్మాయి ఫారం లాక్కుంది.