సెల్ఫ్ లేదు, సేవూ లేదు

డెస్క్‌టాప్ అప్లికేషన్లు రాసే మన వర్గంలో హేతువాదులు ఎక్కువని పేరు. నమ్మకండి. మ్యాక్ కోసం ఒక బ్లాకు (తర్వాత నడపమని చేతికిచ్చే కోడ్ ముక్క) రాయడానికి కర్లీ బ్రాకెట్ తెరవడం ఆలస్యం, చేతులు వాటంతటవే 'వీక్ సెల్ఫ్' అని కొడతాయి: సెల్ఫ్‌ని, అంటే ఆ కోడ్ ఏ ఆబ్జెక్ట్‌దో దాన్ని, గట్టిగా పట్టుకోవద్దని. కింది లైన్లో 'గార్డ్ లెట్ సెల్ఫ్ ఎల్స్ రిటర్న్', అంటే సెల్ఫ్ లేకపోతే పని వదిలేసి వెనక్కెళ్లిపొమ్మని. ఎందుకయ్యా అంటే "లేకపోతే మెమరీ లీకవుతుంది" అంటారు, అంటే వాడకం అయిపోయినా ఆ మెమరీ ఖాళీ కాదని. ఏది దేన్ని పట్టుకుంటే లీకవుతుందని అడిగామో, మన మీద జాలిపడతారు.

ఈ బ్లాకులు రాకముందు మ్యాక్‌లో ఒక ఫైల్ ప్యానెల్ తెరవాలంటే ఒక డెలిగేట్ (జవాబు అందుకునే ఆబ్జెక్ట్), దాని మీద పిలవాల్సిన ఒక సెలెక్టర్ (మెథడ్ పేరు), 'కాంటెక్స్ట్ ఇన్ఫో' అనే ఒక వాయిడ్ పాయింటర్ (దేన్నైనా చూపగల మెమరీ చిరునామా) అప్పగించాలి. ప్యానెల్ మూసుకున్నాక జరగాల్సిన పని సోర్స్ ఫైల్లో ఎక్కడో అడుగున ఉండేది. ఆ పాయింటర్లో ఏం దాచామో, దాన్ని ఎవరు విడుదల చేయాలో రాసినవాడికే గుర్తుండేది కాదు. 2009లో మ్యాక్ వెర్షన్ స్నో లెపర్డ్‌తో బ్లాకులొచ్చి, అడిగిన చోటే పనిని రాసిచ్చే సుఖం దక్కింది. (స్మాల్‌టాక్ భాష వాళ్లకిది 1980 నాటికే ఉంది. వాళ్లను కదపకండి, మొదలుపెడితే ఆపరు.)

బ్లాకు తనకు కావలసిన వేరియబుల్స్‌ని వెంట తీసుకెళుతుంది, సెల్ఫ్‌ని గట్టిగా పట్టుకుంటుంది. ఆ సెల్ఫే బ్లాకును తన ప్రాపర్టీలో దాచుకుంటే ఇక ఒకదాన్నొకటి వదలవు. అదీ రిటైన్ సైకిల్, అక్కడ వీక్ సెల్ఫ్ కావాల్సిందే. పనులను వరుసలో పెట్టి నడిపే డిస్పాచ్ క్యూకి ఇచ్చిన బ్లాకు సంగతి వేరు. అది ఒక్కసారి నడుస్తుంది, పని కాగానే విడుదలవుతుంది. సైకిలెక్కడ?

ఆ మాట, తోటివాళ్లు మన కోడ్ తనిఖీ చేసే కోడ్ రివ్యూలో అని చూడండి.

"వీక్ సెల్ఫ్ పెట్టలేదేం?"

"సెల్ఫ్ ఈ బ్లాకును దాచుకోవట్లేదండీ, అవసరం లేదు."

"అయినా పెట్టండి, మంచిది."

"ఎవరికండీ?"

సమాధానం ఉండదు. పెడతారు. లోపల ఇంకో బ్లాకుంది, అక్కడా పెట్టిస్తారు. దాని లోపల, స్క్రీన్ పనులు నడిచే మెయిన్ క్యూకి వెళ్లే మూడోది, అక్కడా. చివరికి సెల్ఫ్ ఊసే లేని బ్లాకొకటి దొరుకుతుంది. దాన్నీ వదలరు. 'వాడని వేరియబుల్ ఎందుకు?' అని కంపైలర్ హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక నోరు మూయించడానికి సెల్ఫ్‌ని వాడే ఒక ప్రింట్ స్టేట్‌మెంట్ చేరుస్తారు. రివ్యూ ఆమోదం పొందుతుంది.

క్యూటీ అనే సీ++ టూల్‌కిట్‌లో లాంబ్డాలు (మన బ్లాకుల్లాంటివే) రాసేవాళ్లు మరీ నవ్వక్కర్లేదు. కాంటెక్స్ట్ ఆబ్జెక్ట్ (ఇది పోతే కనెక్షనూ తెగాలని చెప్పేది) ఇవ్వకుండా కనెక్ట్ చేసి, విండో పోయాక దాని 'దిస్'ని (అక్కడి సెల్ఫ్‌ని) తాకే ఘనత మీది. కాకపోతే మీది చాలాసార్లు అందరూ చూస్తుండగా కూలుతుంది.

మనది కూలదు. అదే నా బాధ. ఒక మనిషి సేవ్ నొక్కి, పేరిచ్చి, విండో మూసేశాడు. వెనక థ్రెడ్‌లో ఎక్స్‌పోర్ట్ ఇంకా నడుస్తోంది. విండోతో పాటు దాన్ని నడిపే కంట్రోలరూ (ఇక్కడ సెల్ఫ్ అదే) పోయింది, ఆ కంట్రోలర్‌ని పట్టుకున్నవాళ్లెవరూ లేరు. ఫైలు రాయడానికి మెయిన్ క్యూకి వచ్చిన బ్లాకు చూసింది: సెల్ఫ్ లేదు. రిటర్న్. అలర్ట్ లేదు, లాగ్‌లో ఒక లైను లేదు, క్రాష్ రిపోర్ట్ కూడా లేదు. అతని పని గాల్లో కలిసింది. ఆ కంట్రోలర్ ఇంకో రెండు సెకన్లు బతికితే ఎవరి కొంప మునిగేది? పని పూర్తయ్యేదాకా సెల్ఫ్ పోకూడదనే కదయ్యా బ్లాకు దాన్ని గట్టిగా పట్టుకుంది! ఆ చేతిని మీరే విడదీసి, పక్కన రిటర్న్ అని రాసి, దానికి 'సేఫ్ కోడ్' అని పేరు పెట్టుకుంటారా? సిగ్గుండాలి. ఎల్స్‌లో ఏం జరగాలో ఒక్క క్షణం ఆలోచించనివాడికి ఎల్స్ రాసే హక్కు లేదు.

ఆ మనిషి పంపిన బగ్ రిపోర్ట్‌కి జవాబు వస్తుంది: "మా దగ్గర రీప్రొడ్యూస్ కాలేదు." ఎలా అవుతుంది? టెస్ట్ చేసేటప్పుడు మీరు సేవ్ నొక్కి ప్రోగ్రెస్ బార్ నిండేదాకా చూస్తూ కూర్చుంటారు. మూసేసి లేచిపోయేది వేరే పనున్నవాళ్లు.