సవరణ: సీషీ సమాధి మింగ్ టూంబ్స్‌లో లేదు

మొన్నటి బీజింగ్ డే ట్రిప్ పోస్ట్‌లో మింగ్ టూంబ్స్‌లో సీషీ మహారాణి సమాధి చూడొచ్చని రాసేశా, తప్పు నాదే, రెండు ట్రిప్పుల ఫోటోలు కలిసిపోయి కన్ఫ్యూజ్ అయ్యా. మింగ్ టూంబ్స్ సిటీకి ఉత్తరాన ఓ 50 కిలోమీటర్లు, అక్కడున్నవి 13 మంది మింగ్ వంశ చక్రవర్తుల సమాధులు. సీషీది మింగ్ తర్వాత పాలించిన చింగ్ వంశం, ఆవిడ సమాధి ఈస్టర్న్ చింగ్ టూంబ్స్‌లో, అంటే తూర్పున దాదాపు 125 కిలోమీటర్ల దూరంలో హెబే ప్రావిన్స్‌లో ఉంది, 1928లో సైనికులు దోచుకున్నవాటిలో అదీ ఒకటి.

ఇంకోటి, మింగ్ టూంబ్స్‌లో ఒకటైన డింగ్‌లింగ్ (వాన్లీ చక్రవర్తి సమాధి) కింద గదుల్లో కనిపించే ఎర్ర పెట్టెలు అసలు శవపేటికలే అన్నా కదా, కాదు, నకళ్లు. 1956లో తవ్వకం మొదలుపెట్టి ఆ సమాధి తెరిచారు, లోపలి పట్టుబట్టలు చాలావరకు పాడైపోయాయి, 1966లో రెడ్ గార్డులైతే (మావో సాంస్కృతిక విప్లవం నాటి యువదళాలు) వాన్లీ ఎముకల్ని కూడా బయటికి లాగి తగలబెట్టేశారు. పాపం, అంత ఖర్చుపెట్టి కట్టించుకున్నాడు.

అదే రోజు మధ్యాహ్నం చువాన్‌డిషియా ఊరు కూడా చూసేయొచ్చన్న ముక్క మాత్రం పూర్తిగా మర్చిపోండి, అది పడమటి కొండల్లో సుమారు 90 కిలోమీటర్లు, ఘాట్ రోడ్డు. దానికి వేరే రోజు పెట్టుకోండి, కొండవాలు మీద మెట్లుమెట్లుగా మింగ్, చింగ్ కాలం నాటి ఇళ్లు, అచ్చం మన మండువా లోగిళ్లలాగే మధ్యలో వాకిలి, హడావిడిగా చూసేది కాదు. పాత పోస్ట్‌లో కూడా మార్చేశా.