అయ్యా రెస్ట్ గారూ, ఆపరేషన్‌కి ముందే ఎందుకు దిగారు?

శ్రీయుత రెస్ట్ గారికి,
కేరాఫ్ మా మావయ్య మంచం, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం.

అయ్యా,

మావయ్యకి పొట్టలో పెద్ద ఆపరేషన్ ఉందని డాక్టర్లు నెలన్నర తర్వాతి తేదీ ఇచ్చారో లేదో, మీరు పెట్టే బేడా సర్దుకుని వచ్చేశారు. పిలిచింది అత్తయ్యేనని నాకు తెలుసు. "ఆపరేషన్ మనిషి, కదలకూడదు" అన్నది ఆవిడ సొంత తీర్పు. సర్జన్ గారైతే రోజూ నడవమనే చెప్పారు. మన ఇళ్లలో డాక్టరు మాట కన్నా మీ పలుకుబడే ఎక్కువని ఆయనకి తెలీదు, పాపం.

మీరు దిగిన దగ్గర్నుంచీ మర్యాదలే మర్యాదలు. మంచినీళ్లు మంచం దగ్గరికే, టిఫిన్ మంచం దగ్గరికే. ఆషాఢంలో సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ చెప్పుల్లేకుండా చేసిన మనిషి ఇప్పుడు గేటు దాకా వెళ్తే "నేను లేనా, మీరెందుకు లేచారు?" అని కేక. చూడ్డానికొచ్చిన చుట్టాలు హార్లిక్స్ సీసా బల్ల మీద పెట్టి, "బాగా రెస్ట్ తీసుకోండి బావగారూ" అని మీ పేరు జపించి వెళ్తున్నారు. పొద్దున్నే నడిచేవాళ్ల కోసం బీచ్ రోడ్డు మీద బళ్లు ఆపేసే ఊరు మాది. ఆ ఊళ్లో మావయ్యకి మేడ మెట్లు కూడా నిషేధం.

మొన్న మత్తు డాక్టరు అడిగారు, "రెండంతస్తులు ఆగకుండా ఎక్కగలరా?" అని. మావయ్య నోరు తెరిచేలోపే అత్తయ్య అందుకుంది: "మాకు లిఫ్టుందండీ!"

ఆయన అడిగింది మా అపార్ట్‌మెంట్ వసతుల గురించి కాదు. పెద్ద ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్ల పాటు ఒంటికి ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. గుండె, ఊపిరితిత్తులు ఆ అదనపు పని మొయ్యగలవా అని మెట్ల లెక్కలో అడిగారు. మొయ్యగలిగేలా తయారు కావడానికి మావయ్యకి దొరికిన గడువు ఈ నెలన్నరే. దాన్ని మీరు దుప్పటి కప్పుకుని గడిపేస్తున్నారు.

మీ పాత పద్దులు కూడా చూశాను. 2007లో అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లని పది రోజులు మంచం మీద ఉంచి చూశారు. కాళ్లలో పోయిన కండ దాదాపు 950 గ్రాములు. కిలోకి యాభై గ్రాములు తగ్గిందంటే, తూకంలో మీరూ మన బజారు మనిషే. వాళ్లు జబ్బు లేనివాళ్లు, ఆపరేషన్ కానివాళ్లు. మావయ్య దగ్గర మీరు ముందే ఇంత తీసేసుకుంటే, తర్వాత ఆస్పత్రి మంచం తీసుకోడానికి ఏం మిగులుతుంది?

మీ ప్రత్యర్థుల సంగతీ వినండి. బార్సిలోనాలో పొట్ట ఆపరేషన్‌కి వెళ్లే పెద్ద వయసు, రిస్కు ఎక్కువున్న రోగులకి ముందుగా వ్యాయామం చేయించి, రోజూ నడిపించారు. 2018లో వచ్చిన ఫలితం: మామూలుగా వెళ్లినవాళ్లలో నూటికి 62 మందికి ఏదో ఒక చిక్కు వస్తే, వీళ్లలో 31 మందికే వచ్చింది. అదే ఏడాది ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఆస్పత్రులు ఇంకా తేలిక పని చేశాయి. ఆపరేషన్ ముందు ఫిజియోథెరపిస్టు ఒక్క అరగంట కూర్చుని, తర్వాత లోతుగా ఊపిరి ఎలా తియ్యాలో నేర్పారు. ఊపిరితిత్తుల ఇబ్బందులు సగానికి పడిపోయాయి. మా ఇంట్లో ఊపిరి కసరత్తుకని ఇచ్చిన మూడు బంతుల డబ్బా ఫ్రిజ్ మీద కవరు కూడా విప్పకుండా ఉంది. అది ఊదేది కాదు, పీల్చేదని ఇంకా ఎవరికీ తెలీదు!

మీ వెంట వచ్చిన మీ తమ్ముడు పథ్యం గారు మరో ఘనుడు. జావ, బ్రెడ్డు, ఇడ్లీ. కండ పట్టాల్సిన వేళ గుడ్డు బంద్, చేప బంద్. ఫిషింగ్ హార్బర్ ఉన్న ఊళ్లో! సిగరెట్టుకి మాత్రం ఏ పథ్యమూ లేదు, "టెన్షన్‌లో ఉన్నారు కదా" అని మినహాయింపు. కనీసం నాలుగు వారాల ముందు మానేస్తే ఊపిరి ఇబ్బందులూ, గాయం మానని బాధా తగ్గుతాయి. ఆ ఒక్కటీ మానిపించమంటే మీరిద్దరూ గోడకేసి తిరిగి పడుకుంటారు.

మీకు ఎక్కడా చోటు లేదని నేననను. కొన్ని గుండె జబ్బులకీ, విరిగిన ఎముకకీ డాక్టరే స్వయంగా మిమ్మల్ని పిలుస్తారు, అక్కడికి దర్జాగా వెళ్లండి. మావయ్య విషయంలో రాత్రిళ్లు మీవే, భోజనం అయ్యాక ఓ అరగంట కూడా మీదే. ఆపరేషన్ అయ్యాక మళ్లీ దిగొచ్చని ఆశ పెట్టుకోకండి. మర్నాడే నర్సమ్మ వచ్చి లేపి నిలబెడుతుంది.

ఇట్లు,
మంచం పక్క కుర్చీలోంచి,
మేనల్లుడు

తా.క.: "నడిస్తే పడిపోరూ?" అని అత్తయ్య అడిగింది. న్యాయమైన ప్రశ్నే. ఫిజియో చెప్పినంతే చెయ్యాలి, ఛాతీలో నొప్పో తల తిరగడమో ఉంటే ఆపి డాక్టరుకి చెప్పాలి, పక్కన మనిషి ఉండాలి. ఆ పక్క మనిషిగా రేపట్నించి అత్తయ్యే వెళ్తోంది. ఈ మధ్య మీరు ఆవిడ మోకాళ్ల వైపు కూడా చూస్తున్నారని విన్నాను, అందుకే ఈ ఉత్తరం నకలు ఒకటి ఆవిడకీ ఇచ్చాను.