ముత్తమ్మ ఆ కేసు గెలవలేదు

మార్చి 8 దగ్గర పడగానే ఫోన్లలో సి.బి. ముత్తమ్మ ఫొటో తిరగడం మొదలవుతుంది. కింద రాసేది రమారమి ఇదే: ఆమె భారతదేశపు తొలి మహిళా రాయబారి, పెళ్లయితే ఉద్యోగం వదులుకోవాలనే బ్రిటిషు కాలపు నిబంధన మీద సుప్రీంకోర్టుకు వెళ్లారు, పెళ్లి హక్కు కోసం పోరాడి గెలిచారు, కోర్టు ఆ నిబంధనను కొట్టివేసింది. పంపేవారిది మంచి ఉద్దేశమే కానీ, వీటిలో ఒక్క మాటా సరిగ్గా నిలవదు.

తొలి రాయబారి సంగతి తేలిక. విజయలక్ష్మీ పండిట్ 1947లోనే రాయబారిగా మాస్కో వెళ్లారు. అది రాజకీయ నియామకం. యూపీఎస్సీ పరీక్ష రాసి, 1949లో ఫారిన్ సర్వీసులో చేరి, మెట్టు మెట్టూ ఎక్కి 1970లో హంగరీకి రాయబారి అయిన తొలి ఉద్యోగిని ముత్తమ్మ. ఈ తేడా చెప్పకపోతే మధ్యలోని ఇరవై ఏళ్ల చాకిరీ మాయమైపోతుంది.

ఇక బ్రిటిషు కాలం. కూర్గులోని విరాజ్‌పేటలో పుట్టి మద్రాసులో చదువుకున్న ఈవిడ చేత, సర్వీసులో చేరేటప్పుడు పెళ్లి చేసుకుంటే రాజీనామా చేస్తానని హామీ రాయించుకున్నారు. అప్పటికే తెల్లవాళ్లు ఓడెక్కేశారు. కోర్టు ముందుకు వచ్చిన నియమాలైతే 1961 నాటివి. అంటే ఉద్యోగాల్లో స్త్రీపురుష వివక్ష కూడదని రాజ్యాంగంలో రాసుకున్నాక, పదకొండేళ్లకు ఢిల్లీలో మనవాళ్లు తయారుచేసినవి. మహిళా అధికారి పెళ్లికి ముందు ప్రభుత్వం దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. సంసారం పనికి అడ్డొస్తుందని ప్రభుత్వానికి తోస్తే రాజీనామా చేయమనవచ్చు. మరో నియమం ప్రకారం, పెళ్లయిన స్త్రీకి ఈ సర్వీసులో నియామకం హక్కుగా దక్కదు. మగ అధికారికి ఇలాంటి షరతు ఏదీ లేదు. ఈ పాపం ఇంగ్లండు ఖాతాలో వేస్తే ఎలా?

పెళ్లి హక్కు కోసం పోరాటమనడం కూడా పొరపాటే. ఆమె కోర్టుకెళ్లేనాటికి సర్వీసులో మూడు దశాబ్దాలు కావస్తున్నాయి. అసలు ఫిర్యాదు ప్రమోషన్ గురించి. సర్వీసులో పై మెట్టయిన గ్రేడ్ వన్‌కు తగినంత ప్రతిభ లేదని పక్కన పెట్టారు. అందుకు కారణం ఆడవారి పట్ల విదేశాంగ శాఖలో పాతుకుపోయిన చిన్నచూపేనని ఆమె వాదన. పెళ్లి నిబంధనలు దానికి సాక్ష్యంగా వచ్చాయి.

మరి తీర్పు? 1979 సెప్టెంబరులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్, జస్టిస్ పి.ఎన్. సింఘాల్ పిటిషన్‌ను కొట్టివేశారు. అవును, కొట్టివేసింది నిబంధనను కాదు, పిటిషన్‌ను. కేసు నడుస్తుండగానే ప్రభుత్వం ఆమెకు ప్రమోషన్ ఇచ్చేసింది. నెలల క్రితం కనబడని ప్రతిభ అకస్మాత్తుగా కనబడిందన్నమాట! నియామకాల నియమాన్ని 1973లోనే తీసేశామని సొలిసిటర్ జనరల్ సోలీ సోరాబ్జీ చెప్పారు. పెళ్లి అనుమతి నియమం రద్దు కూడా గెజిట్‌కు ఎక్కబోతోందని ప్రభుత్వ అఫిడవిట్ చెప్పింది. ఇక కొట్టివేయడానికి కోర్టు ముందు ఏం మిగిలింది?

అయినా కృష్ణయ్యర్ ఊరుకోలేదు. సంసార బాధ్యతలు పనికి అడ్డమైతే మగ అధికారికీ అడ్డమే కదా అని నిలదీశారు. స్వాతంత్ర్య పోరాటం స్త్రీల దాస్యం మీద కూడా పోరాటమేనన్న సంగతి మరిచారా అని తలంటారు. పిటిషన్‌ను కొట్టివేస్తున్నాం గానీ సమస్యను కాదు అంటూ ముగించారు. ఆ మాటల ఘాటు చూసి చాలామంది ఆమె గెలిచారనుకున్నారు. నిజానికి ప్రభుత్వం తీర్పు తలమీద పడకముందే తెలివిగా పక్కకు తప్పుకుంది. గెలుపు కథ ప్రచారం చేసేవారు తెలియకుండానే ఆ తెలివికి ముసుగు కప్పుతున్నారు.

ప్రమోషన్ ఆగిన ఆ కొద్ది నెలల్లో ఆమెకన్నా జూనియర్లు కొందరు పైకి వెళ్లిపోయారు. ఆమె సీనియారిటీని తిరిగి పరిశీలించమని కోర్టు ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఫోన్లలో తిరిగే సందేశంలో ఈ ముక్క లేదు. ముత్తమ్మ కోర్టుకెక్కినది ఈ ప్రమోషన్ గొడవ మీదే.