గోతంలో మన జాలి

2024 జులై 30 తెల్లవారుజామున కేరళలోని వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడి ముండక్కై, చూరల్‌మల ఊళ్లు కొట్టుకుపోయాయి. మధ్యాహ్నానికల్లా మా కర్నూలు అపార్ట్‌మెంట్ గ్రూపులో తీర్పు వచ్చేసింది: "కొండ కింద ఇండ్లు కట్టుకుంటే ఇంతే గదప్పా!"

ఈ మాట రాసిన పెద్దమనిషి 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిని ముంచినప్పుడు మేడ మీద కూర్చుని పులిహోర పొట్లం కోసం ఆకాశం వైపు చూసినవాడే. నది పక్కన ఎవరుండమన్నారని అప్పుడు ఎవరైనా అడిగుంటే ఊరుకునేవాడా?

దాని వెనకే వీడియోలు. ఒకదాంట్లో కార్ల నంబర్ ప్లేట్లు కూడా మన దేశానివి కావు. ఆ మాటంటే "ఏదైతేనేం, బాధ చూడన్నా" అంటారు. ఆ కిందే ఇంకొకరి గుడ్ మార్నింగ్ గులాబీలు.

ఇక బట్టల సేకరణ. వాచ్‌మన్ గది ముందు గోతం పెట్టారు. తీసి చూస్తే హుక్కులు ఊడిన జాకెట్లు, మోకాళ్ల దగ్గర చిరిగిన ప్యాంట్లు, అడుగున ఎలుకలు కొట్టిన పట్టుచీర. వరదప్పుడు మాకూ ఇలాంటి మూటలే వచ్చాయి. ఇల్లు తుడుచుకోవడానికి పనికొచ్చాయి, అంతే. సహాయ నిధికి రెండొందలు వేయండయ్యా అంటే మాత్రం "ఎవరు తింటారో ఏమో" అని అనుమానం. వీడియోల మీద రాదేం ఆ అనుమానం?

ఆర్మీవాళ్లు చూరల్‌మలలో 190 అడుగుల వంతెన ఆగస్టు 1 సాయంత్రానికే కట్టేశారు. మావాళ్లు మాత్రం లారీ కిరాయి ఎవరివ్వాలన్న దగ్గరే అప్పటికింకా కొట్టుకుంటూ ఉన్నారు.